రెండు టీల మెసేజ్

జనవరి 12, ఆదివారం

మెసేజ్ వచ్చింది.

పొద్దున షాపు తుడుస్తున్నాను. కౌంటరు మీద ఫోను మోగింది. నా కార్డు మీద ఏదో కొన్నట్టు బ్యాంకు వాళ్ల మెసేజ్. నా చేతిలో చీపురు ఉంది, కార్డు పర్సులో ఉంది. చీపురు పట్టుకుని నేనేం కొంటాను? అంటే రెండో కార్డు. అంటే తమ్ముడు.

మొత్తం చూస్తే నవ్వొచ్చింది. రెండు టీల డబ్బు. కొట్టు పేరు సగం దాకా వచ్చి తెగిపోయింది, ఏదో ఎంటర్‌ప్రైజెస్. ఏ ఊరో లేదు.

వాడు ఇల్లు వదిలి నెల దాటింది. ఫోను నంబరు మార్చేశాడు. ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో ఎవరినడిగినా తెలియదన్నారు. ఇవాళ తెలిసింది. టీ తాగాడు.

మధ్యాహ్నం దాకా చీపురు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

జనవరి 13

ఈ డైరీ లెన్సుల కంపెనీ వాళ్లు ఏటా ఊరికే ఇస్తారు. ఏటా వాడే తీసుకుని షాపుకొచ్చినవాళ్ల ముక్కుల బొమ్మలు వేసేవాడు. కళ్లజోడు పెట్టాలంటే ముందు ముక్కు చూడాలక్కా, అనేవాడు. ఈ ఏడాది ఖాళీగా పడి ఉంది కాబట్టి నేను రాస్తున్నాను. అంతకు మించి ఏమీ లేదు. నాకేం బెంగ లేదు.

ఆ రోజు గొడవలో అనుకున్న మాటలు ఇక్కడ రాయను. మెయిన్ రోడ్డులో పెద్ద కళ్లద్దాల షోరూము తెరిచారు, పని తెలిసిన మనిషి కావాలన్నారు, వీడు వెళ్తానన్నాడు. నేను ఊరుకోలేదు. అంతే. చివరికి ఆ షోరూములోనూ చేరలేదు, ఊరే వదిలేశాడు.

కార్డు మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్లాడు చూడు. అక్క అక్కర్లేదు, అక్క కార్డు కావాలి.

జనవరి 19, ఆదివారం

మళ్లీ. అదే కొట్టు, అంతే డబ్బు, దాదాపు అదే వేళకి.

జనవరి 22

స్వైపింగ్ మిషన్‌కి కాగితం చుట్టలు తెచ్చే బ్యాంకాయన వచ్చాడు. ఒకటి తీసుకుంటే రెండోది ఉచితం మేడమ్ అని నాకూ తమ్ముడికీ కార్డులు అంటగట్టింది ఈయనే. ఎవరు గీకినా బిల్లు నాకే, మెసేజ్ నా ఫోనుకే. "ఇక నా మెడలో గంట కట్టినట్టే అక్కా, ఎక్కడ మేస్తున్నానో నీకు వినపడుతుంది" అని వాడు అప్పట్లో నవ్వాడు.

ఆ కొట్టు ఏ ఊళ్లో ఉందో కనుక్కోగలరా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. తనకి అంత పైదాకా కనపడదన్నాడు. పేర్లు కూడా నమ్మొద్దన్నాడు. మీ షాపు సంగతే చూడండి, అన్నాడు.

నిజమే. మాకు ముందు ఇది చెప్పుల షాపు. కాగితాలు, మిషను ఇంకా ఆ పేరు మీదే నడుస్తున్నాయి. డబ్బు నా ఖాతాలోకే వస్తుంది కానీ, కార్డు గీకినవాళ్లకి మెసేజ్ మాత్రం ఫుట్‌వేర్ అని వెళ్తుంది. పోయిన నెల ఒకావిడ వచ్చి, మా ఆయన ఎవరికి చెప్పులు కొనిపెట్టాడో చెప్పండి అని నిలదీసింది. ఆయన కళ్లజోడు బిల్లు చూపిస్తే గానీ కదల్లేదు. పేరు మార్చాలంటే మళ్లీ కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవాలట. కార్డు గీకిన ప్రతిసారీ బ్యాంకు వాళ్లు నా డబ్బులోంచి వందకి రెండు చొప్పున కోసుకోవడానికి మాత్రం ఏ అప్లికేషనూ అక్కర్లేదు.

ఆ రెండు పోతుందనే కదా, కార్డు తీసినవాళ్లకల్లా మిషను పనిచెయ్యట్లేదండీ అని నేను మొహమాటం లేకుండా అబద్ధం చెప్పేది. వీడు లోపల్నుంచి తల బయటపెట్టి, పనిచేస్తుందండీ, అనేవాడు. మందపాటి అద్దాల్లోంచి వాడి కళ్లు చింతగింజలంత కనపడేవి. సోడాబుడ్డి వెధవ.

ఫిబ్రవరి 2, ఆదివారం

వచ్చింది. ఇప్పుడు అలవాటైపోయింది. ఆదివారం షాపు తుడిచాక టీ తెచ్చిపెట్టేవాడు లేడు కాబట్టి, మూల మీది కొట్టుకి నేనే వెళ్లి తాగొస్తున్నాను. మెసేజ్ వచ్చాకే వెళ్తున్నాను. ఊరికే, అలా కుదిరింది.

ఇవాళ ఒక సంగతి తట్టింది. వాడు ఒక్కడే అయితే రెండు టీలెందుకు?

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మాయి ఎవరో ఉంది. ఇంకేం ఉంటుంది. వారం వారం ఒకే కొట్టులో రెండు టీలు. పనివాళ్లతో తాగితే రోజూ తాగుతారు, ఆదివారమే ఎందుకు తాగుతారు?

మొదట ఒళ్లు మండింది. అమ్మ పోయినప్పుడు వాడికి బూట్ల లేసు కట్టుకోవడం రాదు. చదివించాను, పని నేర్పాను, నా పెళ్లి మాట ఎత్తినవాళ్లని గుమ్మంలోంచే పంపేశాను. ఇప్పుడు ఎవరో పిల్లకి టీ ఇప్పిస్తున్నాడు, అదీ నా కార్డు మీద.

సాయంత్రానికి చల్లబడ్డాను. కొత్తగా వచ్చిన ఫ్రేముల్లో సన్నటిది, లేత రంగుది ఒకటి తీసి పక్కన పెట్టాను. ఆ పిల్లకి చూపు బాగానే ఉంటే ఏం చెయ్యాలో తెలియలేదు. బాగానే ఉండదులే, బాగుంటే వీణ్ణి ఎందుకు చేసుకుంటుంది.

ఫిబ్రవరి 18

ఇవాళ మంగళవారం. ఫోను మోగకూడదు. మోగింది.

ఒక పెద్దావిడకి చూపు పరీక్ష చేస్తున్నాను. చేస్తూనే చూశాను. పెద్ద మొత్తం. పేరు హెల్త్‌కేర్ దగ్గర తెగిపోయింది. ఆవిడ చార్టు మీద ఏ అక్షరాలు చదివిందో నాకు వినపడలేదు. మళ్లీ మొదట్నుంచి చదివించాను. మళ్లీ వినపడలేదు. రేపు రమ్మని పంపేశాను.

ఫిబ్రవరి 19

కార్డు కంపెనీ నంబరుకి చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఏ ఆసుపత్రి, ఏ ఊరు అని అడిగితే, భద్రతా కారణాల వల్ల చెప్పలేనంది. నా తమ్ముడమ్మా అంటే, అందుకు చాలా చింతిస్తున్నామంది. ఆ తర్వాత అనుమానం వచ్చినట్టుంది.

"ఈ కొనుగోలు మీకు తెలియకుండా జరిగిందా మేడమ్? కార్డు బ్లాక్ చెయ్యమంటారా?"

వద్దమ్మా, నాకు తెలిసే జరిగింది, నేనే చేశాను, అన్నాను. ఫోను పెట్టేశాక కూడా కాసేపు వద్దు వద్దు అంటూనే ఉన్నానట. బయట ఫ్రేము కోసం ఎదురుచూస్తున్నాయన, ఏం వద్దండీ అని అడిగాడు.

ఫిబ్రవరి 20

ఇంకోటి. మందుల షాపు. మందులు కొన్నాడంటే లేచి తిరుగుతున్నాడు. లేదా వాడి తరఫున ఎవరో కొంటున్నారు. ఆ పిల్లే అయ్యుంటుంది. మంచి పిల్లే అయ్యుండాలి.

ఫిబ్రవరి 23, ఆదివారం

రెండు టీలు.

షట్టరు దించుకుని ఏడ్చాను. ఇంత ఏడుపు ఎక్కడ పెట్టుకుని తిరుగుతున్నానో నాకే తెలియదు. అవసరం వచ్చినప్పుడు నా కార్డే తీశాడు కదా. ఎంత కోపం ఉన్నా నా దగ్గరికే చెయ్యి చాపాడు.

మార్చి 11

బిల్లు వచ్చింది. కట్టవలసిన మొత్తం ఇంత అని చిన్న అక్షరాల్లో వేశారు. కనీసం ఇంత కడితే చాలు అని పెద్ద అక్షరాల్లో వేశారు. నేను అక్షరాల సైజు మీద బతికే మనిషిని. ఎంత సైజు ఎవరికి ఆనుతుందో, ఎవరికి ఆనదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్లకి ఏది కనపడాలని ఉందో అదే పెద్దగా వేశారు.

తెలిసి కూడా పెద్ద అక్షరాలే చదివాను. ఆ కాస్తా కట్టేశాను. షోరూము వాళ్లు ఒకటి కొంటే ఇంకోటి ఉచితం అంటుంటే, ఈ నెల నా షాపు మెట్టెక్కినవాళ్లే తక్కువ.

మార్చి 30, ఆదివారం

వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నాడు.

ఏప్రిల్ 8

బ్యాంకాయన కాగితం చుట్టలు తెచ్చాడు. బిల్లు ముందు పెట్టి అడిగాను. పోయిన నెల ఆదివారాల టీలకి కూడా వడ్డీ వేశారు, టీకి వడ్డీ ఏమిటయ్యా, అని. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. నెల నెలా మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు. కొంచెం మిగిల్చారంటే, ఆ మిగిలినదాని మీదే కాదు, కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. కనీస మొత్తం కడుతూ పోతే అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు.

మరి కనీసం కడితే చాలు అని అంత పెద్దగా ఎందుకు రాశారంటే నవ్వాడు.

"నెలనెలా మొత్తం కట్టేసేవాళ్ల దగ్గర మాకేం మిగులుతుంది మేడమ్. ఎగ్గొట్టేవాళ్ల దగ్గరా మిగలదు. మీలాగ కొంచెం కొంచెం కడుతూ ఉండేవాళ్లే మాకు మంచి కస్టమర్లు."

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. టీ ఇప్పించి పంపాను.

ముక్కు పిండి వసూలు చెయ్యడం అని వింటాం. వీళ్లు ముక్కు పిండరు, తల నిమురుతూ వసూలు చేస్తారు. షాపులో ఎవరు గీకినా వందకి రెండు నా దగ్గర తీసుకుంటారు. అక్కడ వాడు గీకితే ఆ టీ కొట్టాయన దగ్గర తీసుకుంటారు. మళ్లీ అదే టీకి నెలనెలా నా దగ్గర తీసుకుంటారు. ఒక్క టీ ఇన్ని నోళ్లు తాగుతాయని నాకు తెలియదు.

అయినా, వాడికి ఆ కార్డు వాడొద్దని చెప్పే దారి నాకు లేదు. దారి ఉన్నా చెప్పనులే. అది వేరే విషయం.

ఏప్రిల్ 15

పక్క షాపులోకి జిరాక్స్ మిషన్లు పెట్టుకుని ఒకావిడ దిగింది. మంచి మనిషి, నోరే ఆగదు. నేను అన్నానికి పైకెళ్లినప్పుడు నా కౌంటరు కూడా చూస్తానంది. కార్డు గీకడం నేర్పాను. జిరాక్సావిడ కదా, ఒక్కసారికే వచ్చేసింది.

ఏప్రిల్ 22

కార్డు కంపెనీ అమ్మాయి తనే ఫోను చేసింది. నా చెల్లింపులు క్రమం తప్పకుండా ఉన్నాయట, అభినందనలు చెప్పింది, పరిమితి పెంచుతామంది. చదువుకునే రోజుల్లో కూడా నన్నెవరూ అంత అభినందించలేదు. సరే అన్నాను.

పెరిగినదాంట్లో షాపుకి కొత్త రకం ఫ్రేములు తెప్పించాను. షోరూముకి దీటుగా నిలబడాలి. తమ్ముడు తిరిగొచ్చేసరికి షాపు కళకళలాడుతూ ఉండాలి. అక్క చేతకాక కూలబడింది అని వాడు అనుకోకూడదు.

మే 13

గడువు నిన్న. నేను ఇవాళ కట్టాను. నిన్నంతా డబ్బు కోసం తిరగడంతోనే సరిపోయింది. ఒక్క రోజుకి ఆలస్య రుసుము వేశారు. దాని మీద పన్ను కూడా వేశారు.

మే 25, ఆదివారం

వచ్చింది. కొత్త ఫ్రేములు వచ్చినవి వచ్చినట్టే అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆ పిల్ల కోసం తీసి పెట్టిన లేత రంగు ఫ్రేము ఒకావిడకి నచ్చింది. అమ్మనన్నాను. అమ్మకానికి కానిది అద్దాల అల్మారాలో ఎందుకు పెట్టారని తిట్టి వెళ్లింది.

జూన్ 8, ఆదివారం

పొద్దున ఫోను మోగింది. చూడకుండానే నవ్వుకుంటూ చీపురు గోడకి ఆనించాను.

ఈసారి మెసేజ్ వేరేగా ఉంది. మీ కార్డుపై కొనుగోలు తిరస్కరించబడింది, పరిమితి సరిపోదు. రెండు టీల డబ్బు. ఆ కొట్టు పేరే.

కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ అదే. రెండోసారి ప్రయత్నించాడు.

మూడోసారి మోగలేదు.

టీ చేతిలో పట్టుకుని, వెనక నలుగురు నిలబడి ఉండగా, పర్సులో చిల్లర వెతుక్కుంటున్న వాడి మొహమే కళ్లముందు ఉంది. అక్క తీసేసింది, అనుకుని ఉంటాడు. ఇంకేం అనుకుంటాడు?

కంపెనీకి ఫోను చేశాను. పరిమితి నిండిపోయిందన్నారు. బిల్లు తీసి చూశాను. వాడి ఆసుపత్రీ, నా ఫ్రేములూ కొన్నాక కూడా కొంచెం ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నింపింది వాళ్ల వడ్డీ, వాళ్ల రుసుము. వాళ్లు వేసుకున్నదాంతోనే నిండింది, వాడి టీకి చోటు లేకుండా పోయింది.

జూన్ 9

లెన్సులు అరగదీసే చేతి మిషను అమ్మేశాను. వాడిది. ఎవరూ వాడటం లేదు, దుమ్ము పట్టిపోయింది. పాత సామాన్లాయన బేరమాడకుండా ఇచ్చాడంటే నేనే తక్కువకి ఇచ్చి ఉంటాను. వాడు వస్తే కొత్తది కొనిస్తాను. కరెంటుతో నడిచేది. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు.

మిషను ఉన్న మూల నేల తెల్లగా ఉంది. దాని మీదికి స్టూలు జరిపాను.

రేపు డబ్బు కట్టేస్తాను. ఫోన్లో కడితే ఎప్పటికి చేరుతుందో, నేనే బ్యాంకుకి వెళ్తాను. ఆదివారానికల్లా కార్డు పనిచెయ్యాలి.

జూన్ 10

ఏం రాయాలి.

బ్యాంకులో కౌంటరు ముందు నిలబడి ఉన్నాను. నా ముందు ఒక్కరే ఉన్నారు. సంచిలో ఫోను మోగింది. తీశాను. కొనుగోలు తిరస్కరించబడింది. చాలా చిన్న మొత్తం. పేరు చూశాను. ఫుట్‌వేర్.

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. చెప్పులు ఎందుకు కొంటున్నాడు అనుకున్నాను. ఇంత తక్కువకి చెప్పులు ఎక్కడొస్తాయి అని కూడా అనుకున్నాను. అప్పుడు తెలిసింది. అది నా షాపు. వాడు నా షాపులో ఉన్నాడు.

షాపుకి ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. కౌంటరులో ఆయన, తర్వాతెవరండీ అన్నాడు. డబ్బు ఆయన ముందు పారేసి, కట్టేయండి అని నంబరు చెప్పాను. రసీదు తీసుకోమంటున్నాడు, నేను అప్పటికే రోడ్డు మీద ఉన్నాను. పరిగెత్తాను. ఈ వయసులో, చెప్పు తెగితే అది అక్కడే వదిలేసి పరిగెత్తాను.

షాపులో జిరాక్సావిడ ఒక్కతే ఉంది. నన్ను చూసి గాభరా పడింది. నన్ను కూర్చోబెట్టి, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పింది. మందపాటి కళ్లద్దాలాయన ఒకరు వచ్చారంది. జోడు ఒక పక్క విరిగి టేపు చుట్టి ఉందట. అక్క ఉన్నారా అని అడిగాడట. బ్యాంకుకెళ్లారు, వచ్చేస్తారు అంటే, కూర్చోలేదట. మూలన స్టూలు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత లెన్సు తుడిచే గుడ్డ ఒకటి తీసుకుని కార్డు ఇచ్చాడట. షాపులో అన్నిటికన్నా చవకైన వస్తువు అదే.

"ఇంత చిన్నదానికి కార్డెందుకండీ అన్నాను. పనిచేస్తుందో లేదో చూద్దామని, అన్నారు. చెయ్యలేదు. మీ మిషనులో ఏమైనా తేడానా అని అడిగారు. మిషను బాగానే ఉందండీ, పొద్దుట్నుంచి ఇద్దరికి గీకాను, మీ కార్డే పనిచెయ్యట్లేదు అని చెప్పాను. నిజమే కదండీ?"

నిజమేనన్నాను.

కూడా ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఎవరూ లేరు, ఒక్కరే అంది.

"చేతిలో మాత్రం రెండు టీలున్నాయండి, మూల కొట్టువి, కాగితం కప్పుల్లో. ఒకటి కౌంటరు మీద పెట్టి, కాసేపు చూసి, చల్లారిపోతుంది మీరు తాగండి అన్నారు. తాగేశాను. బాగుంది."

వెళ్లేటప్పుడు కార్డు కౌంటరు మీదే వదిలేశాడట. మర్చిపోయారు అని ఈవిడ వీధి దాకా వెంటపడిందట, అందుకే ఫోను ఎత్తలేదట. వెనక్కి తిరిగి, అది అక్కదే, ఇచ్చేయండి, అన్నాడట. ఎటు వెళ్లాడంటే బస్సుల వైపు అంది.

బస్సుల దగ్గర సాయంత్రం దాకా తిరిగాను. కళ్లద్దాలవాళ్లు కనపడిన ప్రతిసారీ దగ్గరికి వెళ్లి చూశాను.

జూన్ 11

జోడుకి టేపు చుట్టుకుని తిరుగుతున్నాడు. కళ్లద్దాల షాపులో పెరిగినవాడు. ఒక్క స్క్రూ పని. నేనుంటే వాడు కూర్చునేలోపు అయిపోయేది.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను. వాడు కార్డు పట్టుకెళ్లలేదు. వెళ్లే రోజు కౌంటరు మీద పెట్టేశాడు, నిన్న పెట్టినట్టే. నేనే గుమ్మం దాకా వెళ్లి వాడి చొక్కా జేబులో కుక్కాను. ఆ రోజు నేనన్న మాటల్లో రాయదగ్గది ఒక్కటే. ఎక్కడికైనా పో, ఇది మాత్రం ఉంచుకో, నువ్వు టీ తాగితే నాకు తెలుస్తుంది, అన్నాను.

తెలిపాడు. వారం వారం తెలిపాడు. రెండో టీ ఎవరికని నేను నాలుగు నెలలు ఊళ్లో లేని పిల్లలందరినీ ఊహించుకున్నాను.

జూన్ 13

కార్డు కంపెనీ అమ్మాయి ఫోను చేసింది. బకాయిలో నేను కట్టినంత అందిందట, కృతజ్ఞతలు. నా రెండు కార్డులూ ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నాయట. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. అంత మర్యాదగా అడిగేసరికి చెప్పేద్దామనిపించింది. ఏమీ వద్దమ్మా అన్నాను.

జూన్ 15, ఆదివారం

షాపు తుడిచాను. ఆ వేళ అయింది. ఫోను కౌంటరు మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మోగదని తెలుసు. కార్డు నా చేతిలోనే ఉంది కదా, ఎలా మోగుతుంది. ముందు వైపు వాడి పేరు ఉంది. జేబులో పడి తిరిగి తిరిగి ఒక అంచున అక్షరాలు అరిగిపోయాయి. ఎక్కడెక్కడ తిరిగిందో దానికి తెలుసు, నాకు తెలియదు.

మూల కొట్టుకి వెళ్లి రెండు టీలు తెచ్చి పెట్టుకున్నాను. ఒకటి తాగాను.

తర్వాత మిషను దగ్గరికి జరుపుకున్నాను. రెండు టీల డబ్బు ఎంతో అంతే కొట్టి, వాడి కార్డు గీకాను. వందకి రెండు వాళ్లకి పోతుంది. పోనీ. వడ్డీ కూడా ఇవాళ్టి నుంచే మొదలవుతుంది. కానీ.

మిషను ఎప్పట్లాగే కాసేపు ఆలోచించి, కాగితం వదిలింది.

మెసేజ్ వచ్చింది.